కేంద్రకం ప్రయాణం మీద పని చేయాలంటే ఏ పిండం: పురుగా, ఈగా, చేపా, ఎలుకా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో కేంద్రక చలనాన్ని, అంటే కణం లోపల కేంద్రకం కదలడాన్ని, అంశంగా తీసుకున్నవాళ్లు ఎక్కువగా జన్యువుల పట్టిక పట్టుకుని వస్తారు. కేంద్రకాన్ని పట్టుకునే సన్ ప్రోటీన్లు, క్యాష్ ప్రోటీన్లు, దాన్ని లాగే మోటారు డైనీన్, ఆ మోటారుకు తోడుండే లిస్1. "ఇవన్నీ పురుగు నుంచి మనిషి దాకా ఉన్నవే కదా, మా డిపార్ట్‌మెంట్‌లో ఈగలున్నాయి, వాటితోనే కానిచ్చేస్తాను" అంటారు. ఆ జన్యువులు అన్నిట్లోనూ ఉన్నమాట నిజమే. కానీ ఒక జన్యువు ఒక జీవిలో ఉండడం వేరు, పిండం తొలి గంటల్లో అది కేంద్రకాన్నే కదిలించడం వేరు. ఈ తేడా పట్టించుకోకుండా జీవిని ఎంచుకుంటే, ఏడాది గడిచాక చేతిలో నిక్షేపంలా బతికే మ్యూటెంట్ (జన్యువు చెడిన జీవి) ఒకటి మిగులుతుంది, థీసిస్‌లో రాయడానికి ఏమీ ఉండదు. కాబట్టి ముందు ఏ కదలికను చూడాలో తేల్చుకోండి. జీవి సంగతి ఆ తర్వాత.

అన్ని జీవుల్లోనూ ఉన్న సామగ్రి

కేంద్రకానికి రెండు పొరలు. లోపలి పొరలో సన్ ప్రోటీన్, బయటి పొరలో క్యాష్ ప్రోటీన్ ఉంటాయి. రెండు పొరల మధ్య ఉన్న సందులో ఇవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మూడు సన్ అణువులు జట్టుకట్టి మూడు క్యాష్ తోకలను పట్టుకుంటాయని 2012లో వచ్చిన స్ఫటిక నిర్మాణాలు చూపించాయి. క్యాష్ ప్రోటీన్ రెండో కొస కణద్రవ్యంలోకి చాచుకుని ఉండి, డైనీన్, కైనేసిన్ వంటి మోటారు ప్రోటీన్లనో యాక్టిన్ తంతువులనో అందుకుంటుంది. బండికి ఎద్దును కట్టే కాడి చేసే పనే ఈ జంట చేస్తుంది: తాను లాగదు, లాగేదాని బలాన్ని కేంద్రకానికి అందిస్తుంది.

మోటారు వైపు కథ పిండాల్లో కాదు, బూజులో మొదలైంది. 1970ల మధ్యలో రాన్ మోరిస్ ఆస్పర్‌జిల్లస్ నిడులాన్స్ అనే బూజులో కేంద్రకాలు పోగులోకి వ్యాపించకుండా ఒకచోటే గుమిగూడిపోయే మ్యూటెంట్లను పట్టుకున్నాడు. 1993లో మనుషుల్లో మెదడు ముడతలు లేకుండా నున్నగా ఏర్పడే లిసెన్‌సెఫలీ జబ్బుకు కారణమైన లిస్1 జన్యువు దొరికింది. రెండేళ్లకు బూజులోని నడ్-ఎఫ్ జన్యువును చదివి చూస్తే అది లిస్1కు దగ్గరి చుట్టమని తేలింది. బూజు పోగులో కేంద్రకాన్ని నడిపే ప్రోటీన్‌కూ బిడ్డ మెదడులో న్యూరాన్‌ను నడిపే ప్రోటీన్‌కూ మూలం ఒకటే. ఈ రంగంలోకి వచ్చే చాలామందిని లోపలికి లాగేది ఈ సంగతే, నన్నూ అదే లాగింది.

అయితే ఈ సామగ్రి అంతా ఒకే తీరున నిలిచిపోలేదు. డైనీన్, లిస్1, సన్ ప్రోటీన్ల సన్ భాగం జీవులు మారినా పెద్దగా మారలేదు. క్యాష్ ప్రోటీన్ల సంగతి వేరు. ఈగలోని క్లార్‌సిష్ట్, పురుగులోని యాంక్-1, ఎలుకలోని సైన్ ప్రోటీన్ల చివర ఒకే రకం పొట్టి తోక ఉందని 2002లో డేనియల్ స్టార్, మిన్ హాన్ గుర్తించారు. చాలా క్యాష్ ప్రోటీన్లలో జీవికీ జీవికీ కలిసేది ఆ తోక ఒక్కటే. మోటారును పట్టుకునే వైపు ఎవరిది వారిదే. అందుకే వరుసక్రమాలు పోల్చి "నా జీవిలో ఈ జన్యువుకు సరిజోడి ఏది" అని వెతికితే చాలాసార్లు ఖాళీ చేతులతో తిరిగొస్తారు. పురుగులోని అంక్-83కి సకశేరుకాల్లో వరుసక్రమం ప్రకారం దగ్గరి జన్యువు కనిపించదు. కైనేసిన్‌ను కేంద్రకానికి కట్టే అదే రకం పనిని అక్కడ నెస్ప్రిన్-4 అనే మరో క్యాష్ ప్రోటీన్ చేస్తుంది.

మీకు కావలసిన కదలిక ఏది

తొలి పిండంలో కేంద్రకం మూడు రకాల పరిస్థితుల్లో కదులుతుంది. ఫలదీకరణ కాగానే ఆడ, మగ ప్రోన్యూక్లియస్‌లు (అండం, శుక్రకణాల కేంద్రకాలు) ఒకదాన్నొకటి చేరుకోవడం మొదటిది. కణపొరలు లేకుండా ఒకే కణద్రవ్యంలో ఉన్న కేంద్రకాలు పంచుకుని సర్దుకోవడం రెండోది. కణజాలాలు రూపు దిద్దుకునేటప్పుడు ఒక్కో కణం లోపల కేంద్రకం ఈ వైపు నుంచి ఆ వైపుకు వెళ్లడం మూడోది. ఈ మూడిట్లో లాగే బలం ఒకటి కాదు, అవసరమయ్యే జన్యువులూ పూర్తిగా ఒకటి కావు. మొదటిదానికీ మూడోదానికీ పురుగు, రెండోదానికి ఈగ, చాలా పెద్ద కణంలో మొదటిదాన్ని చూడాలంటే చేప. నా సలహా క్లుప్తంగా ఇదే. కారణాలు కింద చెబుతాను.

పురుగు: మొదటిసారి చేసేవాళ్లకు నా ఓటు

ఇక్కడ పురుగంటే సి. ఎలిగాన్స్ అనే చిన్న నులిపురుగు. దాని గుడ్డు పొడవు 50 మైక్రాన్లు, అద్దంలా పారదర్శకం. పురుగు మూడు నాలుగు రోజుల్లో పెరిగి పెద్దదవుతుంది, గుడ్డు పద్నాలుగు గంటలు అటూ ఇటూగా పొదుగుతుంది. జాతులను గ్లిసరాల్‌లో గడ్డకట్టించి ఏళ్ల తరబడి దాచుకోవచ్చు. సెలవులకు ఇంటికెళ్తే ఏమవుతాయో అన్న టెన్షన్ ఉండదు.

అసలు బలం ఇవేవీ కావు. మొదటి కదలికలో పనిచేసే ప్రోటీన్లన్నీ తల్లి అండంలో పెట్టి పంపినవే. పిండం సొంత జన్యువులను పాడుచేసినా తల్లి ఇచ్చినవి పనిచేస్తూనే ఉంటాయి. కాబట్టి తల్లిలోనే ఆ జన్యువును ఆపాలి, కానీ తల్లి గుడ్లు పెట్టే దాకా బతకాలి. ఈ రంగంలో చేయి తిరిగినవాళ్లకు కూడా కష్టమనిపించే ముడి ఇది. పురుగులో ఇది సులువుగా విడుతుంది. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో వెలుగులోకి తెచ్చిన, ఆర్‌ఎన్‌ఏతో జన్యువును ఆపే ఆర్‌ఎన్‌ఏఐ పద్ధతి ఇక్కడ తిండి రూపంలో పనిచేస్తుంది. మీకు కావలసిన జన్యువు తాలూకు రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే బ్యాక్టీరియాను పెద్ద పురుగులకు మేపితే, ఒకటి రెండు రోజుల్లో వాటి అండాల్లో ఆ ప్రోటీన్ తగ్గిపోతుంది. ఉష్ణోగ్రతను బట్టి పనిమానే మ్యూటెంట్లు కూడా ఉన్నాయి. 15 డిగ్రీల దగ్గర పెంచి, ప్రయోగానికి ముందు 25కి మారిస్తే చాలు.

చూడడానికి ఫ్లోరెసెన్స్ కూడా అక్కర్లేదు, రంగు వేయకుండానే లోపలి భాగాలను చూపే నోమార్‌స్కీ కాంతితో సరిపోతుంది. గుడ్లతో నిండిన పురుగును ఎం9 బఫర్ అనే ఉప్పు ద్రావణం చుక్కలో సూదితో రెండుగా కోసి, బయటపడిన గుడ్లను అగరోజ్ పొర మీదికి ఎక్కించి చూడండి. నూకలు నూకలుగా కనిపించే కణద్రవ్యంలో రెండు నున్నటి గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి, చెరో కొసన ఒకటి. ముందువైపు కణపొర ముడతలు పడుతూ ఉంటుంది. నడుమ ఒక గాడి ఏర్పడి, ఇక విభజన జరిగిపోతుందేమో అనిపించి, మళ్లీ సర్దుకుంటుంది. ఈలోగా ఆడ ప్రోన్యూక్లియస్ మొదట నెమ్మదిగా కదిలి, మగదాని సెంట్రోసోమ్‌లనే కేంద్రాల నుంచి వచ్చే మైక్రోట్యూబ్యూల్స్ (మోటార్లు నడిచే సన్నటి గొట్టాలు) అందగానే ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. రెండూ గుడ్డు వెనుక సగంలో కలుస్తాయి. కలిసిన జంట మధ్యకు జరిగి, తొంభై డిగ్రీలు తిరుగుతుంది. ఆ తర్వాత వాటి అంచులు చెరిగిపోతాయి. ఎన్నిసార్లు చూసినా ఆ వేగం మారే క్షణం దగ్గర నాకు చూపు తిప్పుకోబుద్ధి కాదు.

ఇప్పుడు అదే గుడ్డు జిగ్-12 మ్యూటెంట్‌దైతే ఏమవుతుందో చూడండి. జిగ్-12 క్యాష్ ప్రోటీన్, దాన్ని కేంద్రకం పొరలో నిలిపేది సన్-1. ఇది లేకపోతే మగ ప్రోన్యూక్లియస్‌ను అంటిపెట్టుకుని ఉండాల్సిన సెంట్రోసోమ్‌లు ఊడి దూరంగా పోతాయి. డైనీన్ కూడా కేంద్రకం పొర మీద నిలవదు. ఆడ ప్రోన్యూక్లియస్ పుట్టిన చోటే ఉండిపోతుంది. ఈ ఫలితం 2003లో వచ్చింది. కొత్తగా చేరిన విద్యార్థి కూడా మొదటి వారాల్లోనే ఈ తేడాను కళ్లారా చూసి, వీడియో తీసి, దూరాలు కొలవగలగడం పురుగులో ఉన్న గొప్ప సౌలభ్యం.

ఒక హెచ్చరిక. డైనీన్‌నో లిస్-1నో ఆర్‌ఎన్‌ఏఐతో తగ్గిస్తే ప్రోన్యూక్లియస్‌లు కదలవు నిజమే, కానీ సెంట్రోసోమ్‌లు విడిపోవడం కూడా దెబ్బతింటుంది. మైక్రోట్యూబ్యూల్ దారే సరిగా లేనప్పుడు కేంద్రకం కదల్లేదంటే తప్పు లాగే మోటారుదని తేల్చి చెప్పలేరు. ఆర్‌ఎన్‌ఏఐ మోతాదు ఎక్కువైతే పురుగు అసలు గుడ్లే పెట్టదు. కాబట్టి మేత పెట్టే గంటలు మార్చి మార్చి చూసి, సగం తగ్గిన స్థితిని పట్టుకోవాలి. ఇంటర్వ్యూ కమిటీలో కూర్చున్న ఎవరైనా సరే, అడగబోయే మొదటి ప్రశ్న ఇదే.

మూడో రకం కదలికకూ పురుగే సరైన చోటు. పిండం మధ్యదశలో వీపు మీద రెండు వరుసల చర్మకణాలు ఒకదాని మధ్యకు ఒకటి చొరబడతాయి. ఆ తర్వాత ఒక్కో కణంలో కేంద్రకం కణం పొడవునా ప్రయాణించి అవతలి వైపు చేరుతుంది. అంక్-84 సన్ ప్రోటీన్, అంక్-83 క్యాష్ ప్రోటీన్. వీటి మ్యూటెంట్లలో కేంద్రకాలు ఆ ప్రయాణం పూర్తి చేయలేక, ఉండకూడని చోట, వీపు నరం దగ్గర చేరిపోతాయి. పిల్ల పురుగులో అక్కడ దారితప్పిన కేంద్రకాలను లెక్కపెడితే లోపం ఎంత తీవ్రమో అంకెల్లో వస్తుంది. అంక్-84 గుర్తింపు 1999లో, అంక్-83 గుర్తింపు 2001లో జరిగాయి. అంక్-83 ఇక్కడ కైనేసిన్-1ను పిలుచుకుంటుందని 2009లో తేలింది. డైనీన్ కూడా వస్తుంది, కానీ ముందుకు నడిపే పని ఎక్కువగా కైనేసిన్‌దే.

పిండం నుంచి బయటికొచ్చాక, పొట్ట వైపు చేరాల్సిన పి-కణాల కేంద్రకాల్లో ఇదే జంట మోటారును మార్చేస్తుంది. అక్కడ ముఖ్యమైన మోటారు డైనీన్. ఆ కేంద్రకాలు కండరానికీ పై పొరకూ మధ్య సుమారు 200 నానోమీటర్ల సందులోంచి నలిగి దూరాలి. 25 డిగ్రీల దగ్గర అంక్-84 లేని పురుగుల్లో చాలా కేంద్రకాలు ఆ సందు దాటలేక కణాలు చచ్చిపోతాయి. వాటి నుంచి రావలసిన నరాలు రాక పురుగు తడబడుతూ పాకుతుంది, గుడ్లు పెట్టే ద్వారం ఏర్పడక గుడ్లు లోపలే పొదుగుతాయి. 15 డిగ్రీల దగ్గర అదే మ్యూటెంట్‌లో ఎక్కువ కేంద్రకాలు దాటేస్తాయి. అంటే యాక్టిన్ మీద నడిచే మరో దారి ఉందన్నమాట. ఇది తొలి పిండం కాదు గనక ఇక్కడితో ఆపుతున్నాను, కానీ పురుగుతో మొదలుపెట్టినవాళ్లకు ముందు ముందు తెరుచుకునే తలుపు ఇది.

ఇంకో లాభం: 2005లో పురుగు జన్యువుల్లో దాదాపు అన్నిటినీ ఒక్కొక్కటిగా ఆర్‌ఎన్‌ఏఐతో ఆపి, తొలి రెండు విభజనలను వీడియో తీసిన పెద్ద పరిశోధన వచ్చింది. తొలి విభజనలకు అవసరమైనవిగా 661 జన్యువులు తేలాయి. కొత్త జన్యువు ఏదైనా మొదలుపెట్టే ముందు ఆ పరిశోధన దాని గురించి ఏం చెప్పిందో చూడండి. నెలల పని మిగులుతుంది.

ఈగ: గుంపుగా కదిలే కేంద్రకాలకు

డ్రోసోఫిలా (పండ్ల ఈగ) గుడ్డు అర మిల్లీమీటరు పొడవు. మొదటి 13 విభజనల్లో కేంద్రకాలు మాత్రమే రెట్టింపవుతాయి, వాటి మధ్య గోడలు, అంటే కణపొరలు, రావు. 4 నుంచి 6వ విభజనల దాకా కేంద్రకాలు గుడ్డు పొడవునా పరుచుకుంటాయి. 8 నుంచి 10 మధ్యలో అంచుకు చేరతాయి. 14వ చక్రంలో సుమారు 6000 కేంద్రకాల చుట్టూ ఒకేసారి గోడలు లేస్తాయి. ఒక్కో తొలి చక్రానికి పట్టేది పది నిమిషాలలోపే. ఇంత వేగంగా, ఇంత క్రమంగా, గోడలు లేకుండా కేంద్రకాలు ఎడం పాటించడం నిజంగా అబ్బురం. ప్రశ్న ఇదే అయితే పురుగు పనికిరాదు, మారు మాట లేకుండా ఈగ దగ్గరికి వెళ్లండి.

ఇక్కడే జన్యువుల పట్టిక ఎక్కువ మోసం చేస్తుంది. గుడ్డు పొడవునా పరుచుకునే దశలో ముఖ్యమైన బలం సన్-క్యాష్ జంట నుంచి రాదు. గుడ్డు అంచున యాక్టిన్, మయోసిన్ ముడుచుకోవడం వల్ల కణద్రవ్యమే ప్రవహించి కేంద్రకాలను తీసుకెళ్తుంది. కేంద్రకాల చుట్టూ ఉన్న కణచక్ర సంకేతాలే ఆ ముడుచుకోవడాన్ని నడుపుతాయని డ్యూక్ విశ్వవిద్యాలయంలో స్టెఫానో డి తాలియా బృందం 2019లో చూపించింది. అంచుకు చేరే దశలో మైక్రోట్యూబ్యూల్స్ పాత్ర పెరుగుతుంది.

మరి ఈగలో క్యాష్ ప్రోటీన్ క్లార్‌సిష్ట్ ఏం చేస్తుంది? తొలి పిండంలో దాని పేరు ఎక్కువగా వినిపించేది కొవ్వు బిందువుల రవాణాలో. అది లేని పిండాల్లో కొవ్వు బిందువుల పంపిణీ మారి, పిండం మామూలు కంటే తేటగా కనిపిస్తుంది. కొవ్వు బిందువుల దగ్గర పనిచేసే రూపానికి క్యాష్ తోకే లేదు. క్లార్‌సిష్ట్, సన్ ప్రోటీన్ క్లారాయిడ్ రెండూ కేంద్రకాన్ని కదిలించేది చాలా తర్వాత, లార్వా కంటిలో. అక్కడ అవి లేకపోతే కాంతిని గ్రహించే కణాల కేంద్రకాలు పైకెక్కవు, కన్ను గరుకుగా వస్తుంది. ఈగ మాత్రం బతుకుతుంది, పిల్లలనూ కంటుంది. "సన్-క్యాష్ జన్యువులు తొలి పిండంలో" అన్న శీర్షికతో ఈగల దగ్గరికి వెళ్లేవాళ్లు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవాలని నా మనవి.

పనిముట్లలో ఈగకు లోటు లేదు. కోరిన కణాల్లో కోరిన జన్యువును పనిచేయించే గాల్4-యుఎఎస్ పద్ధతి ఉంది, తల్లి అండాశయంలో మాత్రమే జన్యువును ఆపే మార్గాలున్నాయి. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సిబిఎస్ ప్రాంగణంలో ఈగ జాతుల సదుపాయం కూడా ఉంది. చిక్కల్లా డైనీన్ వంటి జన్యువులతో. అవి అండం తయారీకే కావాలి కాబట్టి పూర్తిగా ఆపితే గుడ్డే రాదు. సగం ఆపి, సరైన సమయంలో పనిచేసే గాల్4 డ్రైవర్‌ను (ఎప్పుడు, ఎక్కడ ఆపాలో నిర్ణయించే జాతిని) వెతుక్కోవాలి. ఇంకో చిక్కు కంటికి సంబంధించినది. తొలి కేంద్రకాలు పచ్చసొన మధ్య లోతుగా ఉంటాయి. మామూలు కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్‌తో అవి అంచుకు వచ్చాక అద్భుతంగా కనిపిస్తాయి, లోపల ఉన్నప్పుడు చూడాలంటే రెండు ఫోటాన్ల మైక్రోస్కోపో లైట్‌షీటో కావాలి. మీ సంస్థలో అవి ఉన్నాయో లేదో, బుకింగ్ దొరుకుతుందో లేదో చేరకముందే కనుక్కోండి.

చేప: పెద్ద కణం, పెద్ద ఓపిక

జీబ్రాఫిష్ మన గంగా పరీవాహకంలోని చేప. దీన్ని 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ వర్ణించాడు. హైదరాబాద్ సీసీఎంబీలో దీని మీద పనిచేసే బృందాలున్నాయి, కాబట్టి మనవాళ్లకు అందుబాటులో ఉన్న జీవే. 28.5 డిగ్రీల దగ్గర ముప్పావు గంటకు మొదటి విభజన, ఆ తర్వాత పావుగంటకొకటి. కణం అర మిల్లీమీటరు దాటి ఉంటుంది. ఇంత దూరంలో ప్రోన్యూక్లియస్‌లు ఒకదాన్నొకటి ఎలా వెతుక్కుంటాయన్నది పురుగులో అడగలేని ప్రశ్న.

ఈ చేపలో నాకు ఎప్పటికీ ఇష్టమైన మ్యూటెంట్ ఒకటుంది, దాని పేరు ఫ్యూటైల్ సైకిల్. తల్లిలో ఈ జన్యువు లేకపోతే గుడ్డులో ప్రోన్యూక్లియస్‌లు కలవవు, క్రోమోసోమ్‌లను పంచే స్పిండిల్ కట్టుకోదు. అయినా కణాలు విడిపోతూనే ఉంటాయి. సెంట్రోసోమ్‌లు తమ చక్రంలో తాము తిరుగుతూ కణాన్ని రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా కోస్తూ పోతాయి. డీఎన్‌ఏకు రంగు వేసి చూస్తే చాలా కణాలు ఖాళీ. పైనుంచి చూసేవాళ్లకు చక్కటి పిండంలానే కనిపిస్తుంది, కణాలు పొరలుగా సర్దుకునే గ్యాస్ట్రులా దశకు మాత్రం చేరదు. ఈ జన్యువు ఎల్‌ఆర్‌ఎంపీ అని 2012లో విస్కాన్సిన్‌లోని ఫ్రాన్సిస్కో పెలెగ్రీ బృందం చూపించింది. సెంట్రోసోమ్‌ను కేంద్రకానికి కట్టడం దాని పని. పురుగులో జిగ్-12 చేసే పనే ఇది, కానీ జిగ్-12 చుట్టం కాదు ఇది. పని నిలిచింది, పనిచేసేవారు మారారు. పట్టికను చూసి జీవిని ఎంచుకోవద్దని నేను పట్టుబట్టడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మరి మొదటి ప్రాజెక్టుకు ఎందుకు వద్దంటున్నాను? తల్లి ప్రభావం వల్ల. జన్యువును కత్తిరించే క్రిస్పర్‌ను గుడ్డులో ఎక్కించి అదే గుడ్డులో ఫలితం చూద్దామంటే తల్లి పెట్టిన ప్రోటీన్ అడ్డం వస్తుంది. ఆ జన్యువు రెండు ప్రతులూ పోయిన ఆడచేపను పెంచి, దాని గుడ్లు చూడాలి. ఒక్కో తరానికి సుమారు మూడు నెలలు, కనీసం రెండు మూడు తరాలు. రెండేళ్ల ఫెలోషిప్‌లో సగం ట్యాంకుల దగ్గరే గడిచిపోతుంది. ఐదేళ్ల పీహెచ్‌డీ, నడుస్తున్న చేపల గది, అనుభవం ఉన్న గైడ్ ఉంటే మాత్రం వెనకాడకండి. ఈ కణం పరిమాణం మీద ఇంకా అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి.

సముద్రపు అర్చిన్, కప్ప

1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ రెండు కేంద్రకాలు కలవడాన్ని చూసింది సముద్రపు అర్చిన్ గుడ్డులోనే. శుక్రకణం తెచ్చిన, నక్షత్రంలా విచ్చుకునే మైక్రోట్యూబ్యూల్ ఆస్టర్ గుడ్డు మధ్యకు ఎలా చేరుతుందో బలాలు కొలిచి చెప్పాలంటే ఈనాటికీ మంచి జీవి. జన్యువులను మార్చడం మాత్రం కష్టం. కప్ప గుడ్డు మిల్లీమీటరు పైన ఉంటుంది, కానీ లోపల ఏమీ కనిపించదు. దాని గుడ్ల రసంతో గాజు పలక మీద చేసే జీవరసాయన ప్రయోగాలకు సాటి లేదు. జన్యువు ఆధారంగా అడిగే ప్రశ్నకు ఈ రెండూ మొదటి ఎంపిక కావు.

ఎలుక: మనిషికి దగ్గర, అన్ని విషయాల్లో కాదు

"మనిషికి దగ్గర కదా" అని ఎలుక వైపు మొగ్గేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. మనిషి గుడ్డుకు సెంట్రియోల్ (సెంట్రోసోమ్ నడుమ ఉండే భాగం) శుక్రకణం నుంచి వస్తుంది. ఎలుక గుడ్డులో తొలి విభజనల్లో సెంట్రియోల్ లేదు. అంటే ప్రోన్యూక్లియస్‌లు కలిసే తొలి రోజు విషయంలో ఎలుక మనిషికి సరైన నమూనా కాదు. మనిషిలో జరిగేదానికి దగ్గరగా చూడాలని జర్మనీ గోటింగెన్‌లో మెలీనా షూ బృందం 2021లో ఆవు పిండాలను వాడింది. రెండు ప్రోన్యూక్లియస్‌లలోనూ క్రోమోసోమ్‌లు కలిసే వైపుకు ముందే గుమిగూడతాయని, అలా జరగనప్పుడు పంపిణీలో తప్పులు పెరుగుతాయని తేల్చింది. ఐవీఎఫ్ ల్యాబుల్లో పనిచేసే ఎంబ్రియాలజిస్టులు రోజూ చూసే రెండు ప్రోన్యూక్లియస్‌ల దశ వెనుక ఉన్న విషయం ఇది.

ఎలుక నిజంగా అవసరమయ్యేది మెదడు దగ్గర. సన్1, సన్2 రెండూ తీసేస్తే మెదడు పొరల్లో న్యూరాన్ల ప్రయాణం దెబ్బతింటుందని 2009లో తేలింది. ఒక్కటి తీస్తే రెండోది సర్దుకుంటుంది, రెండూ పోతేనే అసలు లోపం బయటపడుతుంది. అంటే రెండు మ్యూటెంట్లను కలిపే పెంపకం, ఆ ఖర్చు, ఆ కాలం. విద్యార్థి ఒంటరిగా మొదలుపెట్టే పని కాదిది, అప్పటికే నడుస్తున్న బృందంలో చేరి చేయాల్సిన పని.

చేరే ముందు చూసుకోవలసినవి

చేపకూ ఎలుకకూ సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి కావాలి. పురుగుకూ ఈగకూ ఆ అనుమతి అక్కర్లేదు, కానీ జన్యువులు మార్చిన జాతులైతే బయోసేఫ్టీ కమిటీ ముందుకు వెళ్లాలి. ఈ కాగితాలకు పట్టే కాలాన్ని ప్రాజెక్టు లెక్కలో కలపండి.

పురుగుకు 15, 20, 25 డిగ్రీల ఇంక్యుబేటర్లు విడివిడిగా ఉండాలి, వాటికి యూపీఎస్ ఉండాలి. మన మే నెలలో కరెంటు పోతే పెట్టె లోపల 27 దాటడానికి ఎంతోసేపు పట్టదు, ఆ వేడికి పురుగులు గొడ్డుబోతాయి. ఉష్ణోగ్రత మీదే ఆధారపడిన మ్యూటెంట్లతో చేసేటప్పుడు మైక్రోస్కోప్ గది ఏసీ ఎంత మీద ఉందో కూడా రాసిపెట్టుకోవాలి. స్లైడ్ మీద పిండం గది ఉష్ణోగ్రతలోనే ఉంటుంది, ఇంక్యుబేటర్‌లో కాదు. ఈ చిన్న విషయం దగ్గర చాలా మంచి డేటా పనికిరాకుండా పోతుంది.

కాన్‌ఫోకల్ లేని కాలేజీలో, రెండేళ్లలోపు పూర్తవ్వాల్సిన పని అయితే ఇలా మొదలుపెట్టండి. ఎన్2 అనే మామూలు (మార్పులేని) జాతి పురుగు, ఉష్ణోగ్రతకు లొంగే జిగ్-12 మ్యూటెంట్, డైనీన్ ఆర్‌ఎన్‌ఏఐ బ్యాక్టీరియా, నోమార్‌స్కీ ఉన్న మైక్రోస్కోప్, ఐదు సెకన్లకొక ఫొటో తీసే కెమెరా. ముందు మామూలు గుడ్లలో ఆడ ప్రోన్యూక్లియస్ వేగం ఎప్పుడు మారుతుందో, గుడ్డు పొడవులో ఎంత శాతం దగ్గర రెండూ కలుస్తాయో కొలవండి. వేర్వేరు రోజుల్లో తీసిన గుడ్లలో ఆ అంకె నిలకడగా వచ్చాకే మ్యూటెంట్‌ను ముట్టుకోండి. ఎంచుకున్న కొత్త జన్యువు ఏదైనా సరే, దాన్ని ఆపినప్పుడు సెంట్రోసోమ్‌లు కేంద్రకాన్ని అంటుకునే ఉన్నాయా, ఊడిపోయాయా అన్నది మొదట చూసి రాసుకోండి. ఊడిపోతే జిగ్-12 దారిలో వెతకాలి. అంటుకునే ఉండి, అవి రెండుగా విడిపోవడమూ మామూలుగానే జరిగి, ఆడ ప్రోన్యూక్లియస్ మాత్రం కదలకపోతే అప్పుడు మోటారు వైపు, డైనీన్‌నూ లిస్-1నూ పొర మీదికి తెచ్చే ప్రోటీన్ల వైపు వెళ్లాలి.